ఇంటల్లుడు అమ్మిన కంప్యూటర్

చిత్తూరు బెల్లం మండీ వీధిలో బేరానికి నన్ను మించినవాడు లేడని నేను చెప్పుకోను, వీధే చెబుతుంది. అలాంటి నేను, మూడు కొత్త కంప్యూటర్లు కొనగలిగే డబ్బు ఒకే ఒక్క పాత కంప్యూటర్ మీద పోశాను. తెలియక పోయలేదు, తెలిసే పోశాను. ఎవరూ మాయచేసి పోయించలేదు. నా చేత్తో నేనే, ఏడాది తర్వాత ఏడాది, మొక్కు తీర్చుకున్నంత శ్రద్ధగా పోశాను. మెమొరీ మార్చాను, హార్డ్ డిస్కు మార్చాను, పవర్ సప్లై మార్చాను, మార్చినవాటిని మళ్లీ మార్చాను. చివరికి మొదట కొన్నదాంట్లో మిగిలింది ఇనుప డబ్బా ఒక్కటే. ఇంత తెలివితక్కువ పనిని ఇంత దీక్షగా చేసినవాడు మా వీధిలోనే కాదు, జిల్లాలోనే మరొకడు ఉండడని ఛాతీ విరుచుకుని చెప్పగలను.

పోయిన వారం మండీ అటక దులిపిస్తుంటే ఆ డబ్బా కిందికి దిగింది. పాత సామాన్లు కొనే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పక్క రేకు మీద ఉన్న ఎర్రటి అరచేతి గుర్తు చూసి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇదేందన్నా, నెత్తురా? పోలీసు కేసేమన్నా ఉంటే ముందే జెప్పు" అన్నాడు. కేసూ లేదు, గీసూ లేదు, దీనికొక కథ ఉంది, వింటే నువ్వే రేటు పెంచుతావన్నాను. "కతలు కిలో ఎంతన్నా?" అని కాటా సర్దుకున్నాడు. మంచి వ్యాపారి. కానీ చూపు మాత్రం డబ్బా మీదినుంచి తిప్పడం లేదు. ఆ ఒక్క తప్పుతో అతని బేరం అప్పటికే సగం పోయింది. ఎందుకు పోయిందో మీకు తెలియాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయనది బెల్లం మండీ. ఐరాల వైపు నుంచి రైతులు బండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద బెల్లం తెచ్చి దించేవాళ్లు. మండీ అంటే తీపి వాసన, గోనె సంచుల వాసన, చెమట వాసన, వాటి చుట్టూ కందిరీగల సంగీతం. చీమలు సరేసరి, అవి మా భాగస్థులు. నాయన గద్దె మీద కూర్చుని, భుజం మీది తువాలు ముందుకు లాక్కుని, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని బేరం చేసేవాడు. వేలు నొక్కితే ఒక మాట, రెండు వేళ్లు పట్టుకుంటే ఇంకో మాట. పక్కవాడికి తువాలు కదలడం కనిపించేదే తప్ప రేటు తెలిసేది కాదు. ఆ సేపంతా నాయన చూపు ఆకాశం వైపే. "ఈ తూరి వానలు ముందే వస్తాయంటావా?" అని అడిగేవాడు, అక్కడ బెల్లమే లేనట్టు. నాకు నేర్పిన మొదటి పాఠం అదే. "కావల్సిన సరుకు దిక్కు సూడొద్దురా. సూసినావంటే ఓడిపోయినావు." పలకా బలపం కొనడానికి పోయినా నేను అంగడివాడి మొహం మీద కాకుండా ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం మీద చూపు నిలిపేవాడిని. బలపం తక్కువకే వచ్చేది, చిల్లర మాత్రం ఎప్పుడూ తప్పే వచ్చేది.

రెండో పాఠం అమ్మ నేర్పింది. ఎవరితోనైనా బేరం చేయి, ఇంటల్లుడితో చేయకూడదు. ఇంటల్లుడు చెప్పిందే రేటు, పెట్టిందే ముహూర్తం. ఇంత బేరగాళ్ల కుటుంబానికి ఇలాంటి చట్టం ఎందుకు పెట్టుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా ఎక్కడో ఒకచోట ఓడిపోవడం ఇంటికి మంచిదని పెద్దలు అనుకొని ఉంటారు.

మా అక్కను తిరుపతిలో ఇచ్చారు. బావది గాంధీ రోడ్డు పక్క సందు మొదట్లో మేడమీద అంగడి, దాని వెనకే కాపురం. మొదట టీవీలు బాగుచేసేవాడు, తర్వాత కంప్యూటర్లు కూర్చి అమ్మడం మొదలుపెట్టాడు. నుదుట గంధం, నోట తేనె, జేబులో మెరిసే టెస్టరు. ఆ టెస్టరుతో ఆయన దేన్నైనా విప్పగా చూసినవాళ్లు లేరు. పెళ్లికూతురి జడగంటల్లాగా అది అలంకారం. మాటల్లో ఇంగ్లీషు ముక్కలు పోపు గింజల్లాగా చిటపటలాడించేవాడు. అమ్మకు ఆయనంటే ప్రాణం. నాకూ ఇష్టమే, మొదట్లో.

తొంభైల చివర్లో నేను డిగ్రీ అయిందనిపించుకుని మండీలో చేరాను. చేరానంటే గద్దె మీద కాదు, కాటా దగ్గర. గోతాలు ఎత్తేవాళ్లతో పాటు నిలబడి తూకం అరిచి చెప్పే పని. ఎండాకాలం సాయంత్రానికి చొక్కా పాకంలో ముంచినట్టు వంటికి అంటుకుపోయేది. అక్కడినుంచి గద్దె దాకా ఉన్న దూరం చిత్తూరుకూ కాశీకీ ఉన్నంత. ఆ దూరం తొందరగా దాటడానికి నాకు తోచిన ఉపాయం కంప్యూటర్. లెక్కలన్నీ అందులో వేస్తే రైతు కాటా దిగేలోగా చీటీ చేతికిస్తామని నెలల తరబడి నాయన చెవిలో పోరు పెట్టాను. చివరికి బావను పిలిపించాడు. బావ రేటు చెప్పాడు. నాయన కుడిచెయ్యి అలవాటు చొప్పున తువాలు కిందికి పోయింది. లోపలినుంచి అమ్మ దగ్గింది. చెయ్యి బయటికి వచ్చింది. మా నాయన జీవితంలో బేరం లేకుండా జరిగిన కొనుగోలు అదొక్కటే అనుకుంటాను.

పసుపూ కుంకుమా పెట్టి, కొత్త బండి చక్రం కింద పెట్టినట్టు నిమ్మకాయ కూడా పెట్టి కంప్యూటర్‌ను గద్దె పక్కన ప్రతిష్ఠించాం. "దీని స్పీడు రెండు వందల ముప్పై మూడు మామా. బ్యాంకుల్లో గూడా ఇట్లాంటిది లేదు" అన్నాడు బావ. నాయన ఆ సంఖ్యను ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టు మనసులో లెక్కపెట్టుకున్నాడు. నన్ను కాటా దగ్గరినుంచి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు.

చలికాలమంతా మహారాజులాగా పనిచేసింది. ఎండలు ముదిరాక మొదలైంది అసలు ఆట. పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి తెర మీద బాణం గుర్తు పాకంలో పడ్డ ఈగలాగా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఏ మీట నొక్కినా కదలదు. ఆపి మళ్లీ వేస్తే అంతవరకు కొట్టిన లెక్కలన్నీ గల్లంతు. బయట రైతులు తలగుడ్డలతో విసురుకుంటూ చూస్తుంటారు. నాయన ఏమీ అనకుండా కాగితం తీసి, వేలి కణుపుల మీద కూడి, చీటీలు రాసిచ్చేవాడు. చివరి చీటీ ఇచ్చాక మాత్రం అనేవాడు: "మద్యాన్నం కునుకు తీసేది మనిసైనా సరే, మిసనైనా సరే, మండీలో పనికిరాదురా."

బావకు ఫోన్ చేస్తే కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. స్టెబిలైజర్ కొన్నాం, ఆయన దగ్గరే. మళ్లీ చేస్తే వైరస్ అన్నాడు. దాని మందు ఉన్న ఫ్లాపీ కొన్నాం, ఆయన దగ్గరే. మళ్లీ చేస్తే దుమ్మన్నాడు. ప్లాస్టిక్ ముసుగు కొన్నాం. ఎక్కడ కొన్నామో చెప్పనక్కర్లేదు. జబ్బు ఏదైనా మందు మాత్రం ఆయన అంగట్లోనే దొరకడం నాకు వింతగా తోచలేదు. నేనూ వ్యాపారి కొడుకునే కదా, అందులో తప్పు ఏముంది అనుకున్నాను.

ఉగాది దాటిన తర్వాత ఒకరోజు బావే స్వయంగా వచ్చాడు. అమ్మ ఓళిగలు చేసింది. పక్క మండీల వాళ్లను కూడా నాయన భోజనానికి పిలిచాడు, అల్లుడి ఘనత చూపించాలని. భోజనమయ్యాక బావ అందరిముందూ కీబోర్డు ఎత్తి, తలకిందులు చేసి, వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. బెల్లం పొడి రాలింది. దాని వెనకాలే చీమలు, ఒక పెళ్లి ఊరేగింపు. ఆయన మొహంలో వెలుగు చూడాలి.

"మామా, ఇంగ దాచేది ఏముండాది? మీ వాడు కంప్యూటర్‌కి బెల్లం తినిపిస్తా ఉండాడు. షుగరొచ్చి మద్యాన్నానికి కండ్లు తిరిగి పడిపోతా ఉండాది పాపం. దీనికి మెకానిక్ గాదు, పత్యం కావల్ల."

మండీ మొత్తం నవ్వింది. పక్క మండీ పెద్దాయన నవ్వలేక పొట్ట పట్టుకుని గోనెల మీద కూలబడ్డాడు. నాయన కూడా నవ్వాడు; అది నాకు తగిలింది. ఆ సాయంత్రమే తీర్పు చెప్పాడు. "ఇంగొక్క తూరి నిలిచిపోయిందంటే దాన్ని మూటగట్టి తిరపతికి పంపిస్తా. నువ్వు మల్లా కాటా కాడికి పో." మర్నాటినుంచి వీధిలో నడిస్తే ప్రతి అంగడిలోంచీ ఒకే పలకరింపు: "ఏమప్పా, కంప్యూటర్‌కి ఈ పొద్దు షుగరెంత?"

తినే చెయ్యి కడుక్కున్నా మీట మీద వేలు పెట్టేముందు తువాలుతో తుడుచుకునేవాడిని. అయినా రెండుకు ఆగింది; నాయన కంట పడకముందే ఆపి మళ్లీ వేసి, పోయిన లెక్కలు చేత్తో కూడి నెట్టుకొచ్చాను. అప్పుడు నాకు అనుమానం పుట్టింది. చీమలు పొద్దునా ఉన్నాయి, సాయంత్రమూ ఉన్నాయి. రెండు గంటలకే వాటికి పని ఏమిటి? అదే వారం మామిడి జల్లు ఒకటి పడి రోజంతా చల్లగా ఉంది. ఆ రోజు కంప్యూటర్ ఆగలేదు. మర్నాడు ఎండ కాసింది, ఆగింది. ఆ తర్వాతి రోజు పక్క రేకు ఊడదీసి, లోపలికి గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టాను. రెండయింది, మూడయింది, ఆగలేదు. అంటే జబ్బు షుగరు కాదు, వేడి.

స్క్రూలు విప్పి, భయపడుతూ భయపడుతూ ప్రాసెసర్ మీద కూర్చున్న చిన్న ఫ్యానునూ అల్యూమినియం దిమ్మెనూ తీశాను. కింద రెండంగుళాల చదరపు బిళ్ల. దాని మీద తెల్లటి అక్షరాల్లో రెండు వందల ముప్పై మూడు, నిన్న రాసినట్టు మెరుస్తోంది. ఆ మెరుపే నాకు నచ్చలేదు. మా వ్యాపారంలో మెరిసే బెల్లాన్ని నమ్మరు. హైడ్రోస్ పొడి వేసి తెల్లగా నిగనిగలాడించిన బెల్లం వస్తే నాయన బొటనవేలి గోటితో దిమ్మెను గీరేవాడు. పైపొర లేచి లోపలి నల్లటి నిజం బయటపడేది. నా గోరు దానంతటదే పోయి బిళ్లను గీరింది. అంకెలు లేచి వచ్చాయి. బిళ్లను తిరగేశాను. అడుగువైపు, గీకినవాడు గీకడం మరిచిపోయిన మూలలో, చిన్నగా, బుద్ధిగా: నూట అరవై ఆరు.

ఎద్దుకు గుర్రం పేరు పెట్టి అమ్మారు. పెట్టిన పేరుకు తగ్గట్టు పరిగెత్తమని మదర్‌బోర్డు మీద పేను గుడ్లంత ప్లాస్టిక్ టోపీలు, జంపర్లంటారు, వాటిని మార్చిపెట్టారు. చలికాలంలో పాపం పరిగెత్తింది. చిత్తూరు ఎండకు రెండు గంటలకల్లా నాలుక బయటపెట్టింది. బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం చూసి ఆ టోపీలను పెరికి నూట అరవై ఆరు దగ్గర పెట్టాను. ఆ రోజునుంచి అది నడకే నడిచింది కానీ ఎప్పుడూ ఆగలేదు. యంత్రం బాగయింది. నేను బాగవలేదు.

నాయనకు చెప్పాను. బిళ్ల చూపించాను. గోటి గీత చూపించాను. నాయన దాన్ని వెలుతురులో పెట్టి, గీరిన చోట తన గోటితో ఒకసారి గీరి చూశాడు. అర్థమైంది. అయినా బిళ్లను నా చేతిలో పెట్టి, "ఇంటల్లుడిని దొంగ అనే నోరు ఈ ఇంట్లో లేదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత వారమే బావ ఫోన్ చేశాడు. కంప్యూటర్ ఆగడం లేదని తెలిసి, "సూసినావా మామా, నేను జెప్పిన పత్యం పనిజేసింది" అన్నాడట. అమ్మ మురిసిపోయి, అల్లుడికి ఒక గంప బేనిషా మామిడిపళ్లు పంపించమంది. ఎవరు మోసుకుపోవాలి? నేనే. నా రోగిని నేను బాగుచేస్తే వైద్యుడి సంభావన మాత్రం ఆయనకు.

పళ్లు పంపడానికి ముందు నేనొక పని చేశాను. మద్రాసు పోయి అసలైన రెండు వందల ముప్పై మూడు ఒకటి కొన్నాను. ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధిలో ఒక సేటు ముందు నిలబడి, బిళ్ల వైపు చూడకుండా, ఎదుటి గోడ మీది సినిమా పోస్టరు వైపు చూస్తూ, అలవాటుగా భుజం మీది తువాలు ముందుకు చాపాను. సేటు కాసేపు ఆలోచించి, చేతులు తుడుచుకుని, థాంక్స్ చెప్పి తువాలు తిరిగి ఇచ్చాడు. ఆ దెబ్బకు బేరం మరిచిపోయి అడిగినంతా ఇచ్చి వచ్చాను. దాన్ని బిగించాను. పాత బిళ్లను పెద్ద అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

ఇప్పుడు తిరుపతి గంగమ్మ సంగతి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడిని చంపడానికి గంగమ్మ పుట్టిందనీ, వాడు దాక్కుంటే రోజుకో వేషం వేసుకుని ఊరంతా వెతికి చంపిందనీ కథ. ఆ కథనే తిరుపతి ఏటా జాతరలో నడిపిస్తుంది. బండవేషం రోజు మగవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, పూలదండలు వేసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఎదురైనవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. తిట్టు తిన్నవాడికి కోపం రాకూడదు. అది అమ్మవారి దీవెన. దండం పెట్టి తినాల్సిందే. పగ తీర్చుకోవడానికి తొందర అక్కర్లేదు, తగిన వేషం దొరికేదాకా వెతుక్కుంటే చాలు అని నాకు నేర్పింది ఆ ఊరే. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే బండవేషం వేయిస్తానని అమ్మ మొక్కుకుంది. ఏళ్ల తరబడి తీరకుండా ఉంది. గంప నెత్తికెత్తుతూ అమ్మే గుర్తు చేసింది: "ఎట్లా పోతా ఉండావు, ఆ మొక్కు గూడా తీర్సుకోని రా." అమ్మకు ఏమీ తెలియదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మడమే మంచిది.

పళ్లగంప అంగట్లో దించగానే బావ అక్కడున్న ఖాతాదార్లకు నన్ను పరిచయం చేశాడు. "మా బామ్మర్దప్పా. కంప్యూటర్‌కి బెల్లం పెట్టినాయన ఈయనే." అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. పళ్లు మగ్గడానికి రెండు రోజులు పడుతుందని చెప్పాను.

బండవేషం పొద్దున అక్కే నా వీపుకు నూనెలో కలిపిన కుంకుమ పూసింది. పూస్తూ పూస్తూ అగ్గిపెట్టెలోంచి తీసి నేను పూలదండకు పతకంలాగా కట్టుకుంటున్న బిళ్లను చూసింది.

"ఎవుర్ని తిట్టల్లని వచ్చినావురా?"

"గంగమ్మ ఎవుర్ని తిట్టమంటే వాళ్లనక్కా."

అక్క నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "అట్లయితే గంగమ్మకు ఒక మాట జెప్పు. మిక్సీ బాగుజేస్తానని ఆయన దాన్ని విప్పినాడు. ఆ దినాన్నుంచి రోట్లోనే రుబ్బతా ఉండా. ఆ మాట గూడా గెట్టిగా అనమను."

గుళ్లో దండం పెట్టుకుని, డప్పులతో పాటు గాంధీ రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. నాలాంటి ఎర్రటి ఒళ్లు వందలు. బావ అంగడి మెట్ల కింద ఖాతాదార్లతో నిలబడి జాతర చూస్తున్నాడు. నేను ఆయన ముందు ఆగి, వేపమండ నేలకు కొట్టాను. ఆ రోజు నేను తిట్టిన తిట్లలో అచ్చుకు పనికొచ్చేవి మాత్రం రాస్తాను.

"ఒరే గీకుడోడా! నంబర్లు గీకి బతికేటోడా! ఎద్దును గుర్రమని అమ్మినోడా! నూట అరవై ఆరుకి రెండు వందల ముప్పై మూడు నామం పెట్టినోడా! నీ జంపర్లు పీక! నీ ఫ్యాను ఆగ! ఎండకు చిప్పు ఏపి, చీమల మీద నేరం ఏసినోడా! కట్టుకున్నదాని మిక్సీ విప్పి బిగించలేనోడా! గీరి సూడండ్రప్పా, అందురూ గీరి సూడండి! తిరగేసి సూడండి! ఈడి టెస్టరు వెలిగేది లేదు, ఈడి నోరు ఆరేది లేదు!"

మొదట బావ అలవాటుగా నవ్వుతూ దండం పెట్టాడు. ఎద్దూ గుర్రం దాకా నవ్వు ఉంది. నూట అరవై ఆరు దగ్గర నవ్వు అక్కడే ఉంది కానీ కళ్లు దాన్ని వదిలి వెళ్లిపోయాయి. నా మెడలోని బిళ్ల చూశాడు. గుర్తుపట్టాడు. చుట్టూ జనం, వెనకాల ఖాతాదార్లు, పైన మేడమీద చెంబుతో పసుపునీళ్లు పట్టుకుని నిలబడ్డ అక్క. ఆయన చేయగలిగింది ఏముంది? కోపం వస్తే అమ్మవారికి కోపం. చేతులు ఇంకాస్త పైకెత్తి, "తిట్టు తల్లీ, తిట్టు. సల్లంగా సూడు తల్లీ" అన్నాడు. ఆ గొంతు వణికింది. ఆ వణుకు నేను ఇప్పటికీ, నిద్ర పట్టనప్పుడు, చప్పరించుకుంటూ ఉంటాను. వెనకాల ఫోటో స్టూడియో ఆయనొకడు పక్కవాడి చెవిలో, "మనది గూడా మద్యాన్నమే నిలిచిపోతాది కదప్పా?" అనడం స్పష్టంగా వినిపించింది. గంగమ్మ వెతుక్కుంటూ తిరిగి తిరిగి పాలెగాడి జుట్టు పట్టుకున్న క్షణం ఎలా ఉంటుందో ఆమెకూ నాకూ తెలుసు.

ఒళ్లు కడుక్కోకుండానే బస్సెక్కాను. చిత్తూరులో దిగి తిన్నగా మండీకి పోయి, కంప్యూటర్ డొక్క మీద, గెలిచిన ఎద్దును చరిచినట్టు, అరచేత్తో ఒక్కటి చరిచాను. నూనె కుంకుమ, ముద్ర పడింది. నాయన గద్దె మీదినుంచి చూస్తున్నాడు. కబురు నాకంటే ముందే ఫోన్లో వచ్చేసింది.

"ఇంటల్లుడిని తిట్టినావంట."

"నేను గాదు నాయనా, గంగమ్మ."

"గంగమ్మకు జంపర్లు ఎట్ల తెలిసెరా?"

నాయన తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. దగ్గుకు భుజాలు అంతగా ఊగవు. తువాలు తీశాక మామూలు మొహంతో, "రైతు కాచుకోని ఉండాడు, సీటీ తియ్" అన్నాడు. మళ్లీ నా దగ్గర కాటా మాట ఎత్తలేదు.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ. రెండు రోజులు విజయమే. సైకిళ్ల మీద, ఆటోల్లో, ఒకరైతే జోలె కట్టి భుజాన వేసుకుని కంప్యూటర్లు తెచ్చి బావ ముందు దించి, విప్పి చూపించమన్నారట. ఆ రెండు రోజులూ నాకు ఆకలి కాలేదు. మూడోరోజు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ బోర్డు కట్టినాడు. అమ్మవారే అంగడి ముందర నిలబడి పాత చిప్పులు మార్చమని ఆనతిచ్చిందంట. పరీచ్చ ఉచితం, మార్చేదానికి మాత్రం దుడ్లు. జనం ఇరగబడి వస్తా ఉండారు." గొంతు తగ్గించి, "నాకు కొత్త మిక్సీ కొన్నాడులే" అంది. నేను నా చేతులారా, నా గొంతుతో, కుంకుమ ఖర్చు కూడా నేనే పెట్టుకుని, ఆయన వ్యాపారానికి దండోరా వేసి వచ్చాను.

అప్పుడు మొదలైంది నా అసలు వేషం. ఆయన అమ్మిన ప్రతి కొత్త కంప్యూటర్ కంటే నా పాతది ఎక్కువకాలం బతకాలి. అదే పంతం. మెమొరీ ముక్కల బంగారు పళ్లు ఇంకు రబ్బరుతో తోమితే సగం జబ్బులు పోతాయని తెలుసుకున్నాను. ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి అతికించాను. విడిభాగాలు దొరకవని అదే జాతివి చచ్చిన కంప్యూటర్లు కొని అటకెక్కించాను. నన్ను షుగరు పేరుతో ఎగతాళి చేసిన వీధే తమ కంప్యూటర్లు ఆగిపోతే నా దగ్గరికి తేవడం మొదలుపెట్టింది, "షుగర్ డాక్టరున్నాడా?" అని అడిగేవాళ్లు, ఈసారి మర్యాదగా. బావ పండగకో పబ్బానికో వస్తే, భోజనమయ్యాక, సరిగ్గా రెండు గంటలకు, ఏ పనీ లేకపోయినా దాన్ని ఆన్ చేసి పక్కన కూర్చునేవాడిని. అది బుర్రుమని మొదలై, ఆగకుండా తిరిగేది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి దాని వైపు చూసేవాడు. ఆ ఒక్క చూపు కోసం నేను ఏడాదంతా మదుపు పెట్టేవాడిని. అందరి బల్లల మీదికి పలచటి తెరలు వచ్చాయి, చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. నేను మాత్రం ఆ డబ్బాను ఆపలేదు, అందులో వేయాల్సిన లెక్కలు వేరేచోటికి వెళ్లిపోయాక కూడా.

పోయిన నెల బావ వచ్చాడు. జుట్టు నెరిసింది, గంధం అదే. ఇప్పుడు ఆయన అంగట్లో ఫోన్ల తొడుగులు అమ్ముతారు. భోజనమైంది. రెండయింది. ఆన్ చేశాను. తిరిగింది. ఆయన లేచి వచ్చి, పక్క రేకు మీది ముద్రను వేలితో చూపించి, "ఇదేంది బామ్మర్దీ, ఎవురి చెయ్యిది?" అన్నాడు. బండవేషం అన్నాను. "ఏ బండవేషం?" అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఎన్నో ఏళ్ల బేరగాడిని, ఎదుటివాడి కంటిపాప కదిలితే రేటు చెప్పగలను. అక్కడ ఏమీ దొరకలేదు. ఆయన అప్పటికే వాకిలి వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. "ఈ తూరి వానలు ముందే వస్తాయంటావా?" అని అడిగాడు. నిజంగా మరిచిపోయాడో, మా నాయన దగ్గర నాకంటే బాగా పాఠం నేర్చుకున్నాడో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మర్నాడే దాన్ని అటకెక్కించాను.

పాత సామాన్లాయన కాటా సర్దుకుని కూర్చునే ఉన్నాడు. ఇనుము రేటే అన్నాడు. జీవితంలో మొదటిసారి మొదటి మాటకే ఒప్పుకున్నాను. ముద్ర ఉన్న రేకు మాత్రం ఊడదీసుకున్నాను. దాని బరువు నిక్కచ్చిగా తగ్గించాడు. వచ్చింది ఇద్దరికి టీలూ, ఒక ప్లేటు మసాలా వడలూ. ఇక చిట్టా వేస్తాను, తువాలు లేకుండా, అందరికీ కనిపించేటట్టు. ఖర్చు: నేను అమ్మిన ఇనుముకు పట్టిన విడిభాగాలు, మద్రాసు బస్సులు, బావ చేతిలో పండిన జాతర, ఆయన వచ్చిన ప్రతి మధ్యాహ్నం ఆయనతో నాలుగు మాటలు ఆడకుండా యంత్రం పక్కన కాపలా కూర్చున్న పొద్దు. జమ: బావ గొంతులో ఒక్క వణుకు, నాయన తువాలు వెనక ఒక్క దగ్గు, అక్కకు ఒక మిక్సీ. నికరం నష్టమే. ఆ వణుకు మళ్లీ అమ్మకానికి వస్తే మళ్లీ కొంటాను, అది వేరే మాట. కానీ కాలం కూడా మా నాయనలాగే బేరమాడుతుందని మాత్రం ఆలస్యంగా తెలిసింది: మన దగ్గర తనకు కావలసిన సరుకు వైపు ఒక్కసారి కూడా చూడదు, ఎటో ఆకాశం వైపు చూస్తూ, వానల సంగతి అడుగుతూ, మనంతట మనమే రేటు తగ్గించుకుని చేతిలో పెట్టేదాకా తీరుబడిగా కూర్చుంటుంది.